కీత్ ఎమర్సన్ స్మరణకు ‘ప్రొమెనేడ్’: మన ఊరి బ్యాండుతో రాక్ రూపం కట్టే పద్ధతి

ఇంగ్లండ్ రాక్ కీబోర్డు వాద్యకారుడు కీత్ ఎమర్సన్ (1944–2016) పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది హామండ్ అనే ఎలక్ట్రిక్ ఆర్గన్ మెట్ల మధ్య కత్తులు దిగేసిన ఫొటో. ఆయన జ్ఞాపకార్థం పెట్టే కచేరీలు కూడా ఆ విన్యాసాల దగ్గర ఆగిపోతాయి. కాదంటే ఆయన సోలోను రికార్డులో ఉన్నది ఉన్నట్టు దించడానికి చూస్తాయి. ఆయన చేసిన అసలు పని వేరు. ఒక శాస్త్రీయ రచనను తీసుకుని, దాని వరసను గౌరవంగా నిలబెట్టి, నడకనో నాదాన్నో వేగాన్నో మార్చి, అది నలుగురైదుగురి బ్యాండు కోసమే పుట్టిందా అనిపించేలా చేశాడు. ఆ పనిని మన చేతులతో ఒకసారి చేయడమే ఆయనకు సరైన స్మరణ.

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో ఆర్కెస్ట్రా ట్రూపుల్లోనో చర్చి కోయర్లలోనో కీబోర్డు వాయించేవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. కావలసినవాళ్లు నలుగురు: కీబోర్డు, బాస్ గిటార్, డ్రమ్స్ లేదా ప్యాడ్స్, ఒక ట్రంపెట్. తయారయ్యే ముక్క రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ రాసిన ‘ప్రొమెనేడ్’కు రాక్ రూపం, దాదాపు ఐదు నిమిషాలు.

ముందు వినాల్సినవి

వాయించడానికి కూర్చునే ముందు ఆయన చేసిన ఐదారు మార్పులు వినండి. ప్రతిదాంట్లో మార్చింది ఏది, వదిలేసింది ఏది అని కాగితం మీద రాసుకోండి.

‘ది నైస్’ బ్యాండులో ఉన్నప్పుడు డేవ్ బ్రూబెక్ జాజ్ రచన ఒకదాన్ని ‘రోండో’గా చేశాడు. మూలంలో తాళం 9/8, అంటే 2+2+2+3. ఎమర్సన్ దాన్ని సూటిగా 4/4కు తెచ్చాడు. వరస వెంటనే గుర్తుపట్టేలా ఉంటుంది, ఊపు మాత్రం పూర్తిగా వేరు. 1970లో వచ్చిన ఎమర్సన్, లేక్ అండ్ పామర్ మొదటి ఆల్బమ్‌లోని ‘ది బార్బేరియన్’కు మూలం బార్టోక్ 1911లో పియానోకు రాసిన ‘అల్లెగ్రో బార్బరో’. అందులో పియానో బరువును గ్రెగ్ లేక్ గరగరలాడే ఫజ్ బాస్ గిటార్ మోస్తుంది. అదే ఆల్బమ్‌లోని ‘నైఫ్ ఎడ్జ్’ యానాచెక్ ‘సిన్ఫోనియెట్టా’ మీద నిలబడి, మధ్యలో బాఖ్ ఫ్రెంచ్ సూట్ ముక్కను కలుపుకుంది. 1973లో హినాస్తెరా పియానో కన్చెర్టో చివరి భాగాన్ని ‘టొకాటా’గా చేసినప్పుడు అనుమతి కోసం ఎమర్సన్ జెనీవా వెళ్లి ఆ స్వరకర్తను కలిసి, చేసినది వినిపించి ఒప్పించుకున్నాడు. 1977లో కోప్లాండ్ ‘ఫ్యాన్‌ఫేర్ ఫర్ ద కామన్ మ్యాన్’ ఎమర్సన్ బృందం చేతిలో షఫుల్ నడకలో పడి, సింగిల్‌గా బ్రిటన్‌లో రెండో స్థానం దాకా వెళ్లింది.

మనకు దారి చూపేది మాత్రం 1971 మార్చి 26న న్యూకాజిల్ సిటీ హాల్లో ప్రేక్షకుల ముందు రికార్డు చేసిన ‘పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్’. ముసోర్గ్‌స్కీ రాసిన పది చిత్రాల్లో ఎమర్సన్ అన్నీ తీసుకోలేదు. మరుగుజ్జు, పాత కోట, బాబా యాగా గుడిసె, కీవ్ మహాద్వారం, వాటి మధ్య ప్రొమెనేడ్‌లు తీసుకుని మిగతావి వదిలేశాడు. మొదటి ప్రొమెనేడ్‌ను ఆ హాల్లోనే ఉన్న పెద్ద పైప్ ఆర్గన్ మీద వాయించాడు. చేతికి దొరికిన వాద్యానికి తగ్గట్టు రచనను మలచడం ఎలాగో ఆ ఒక్క నిర్ణయంలో తెలుస్తుంది. మన హాల్లో పైప్ ఆర్గన్ ఉండదు, బ్యాండు మేళం ట్రంపెట్ ఉంటుంది.

ఎందుకు ప్రొమెనేడే

మూడు కారణాలు ఉన్నాయి. మొదటిది, ఈ రచనే ఒక స్మరణ. చిత్రకారుడు, వాస్తుశిల్పి విక్టర్ హార్ట్‌మన్ 1873లో చనిపోయాడు. మరుసటి ఏడు అతని బొమ్మల ప్రదర్శన పెడితే, ఆ స్నేహితుని గుర్తుగా ముసోర్గ్‌స్కీ 1874లో దీన్ని పియానోకు రాశాడు. ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మ దగ్గరికి నడిచే నడకే ప్రొమెనేడ్.

రెండోది హక్కులు. భారత కాపీరైట్ చట్టం 1957 ప్రకారం స్వరకర్త చనిపోయిన మరుసటి సంవత్సరం మొదలు నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ముసోర్గ్‌స్కీ పోయింది 1881లో, కాబట్టి మూల రచన ఎవరైనా వాయించవచ్చు, మార్చవచ్చు. బాఖ్, చైకోవ్‌స్కీ, యానాచెక్, బార్టోక్ (1945), సిబేలియస్ (1957) కూడా మన దేశంలో ఈ గడువు దాటినవాళ్లే. హినాస్తెరా 1983లో, కోప్లాండ్ 1990లో పోయారు. వాళ్ల రచనలకు ఇంకా హక్కు నడుస్తోంది. అవి టికెట్ కచేరీలో వాయించాలంటే ఐపీఆర్ఎస్ (సంగీత హక్కుల రుసుము వసూలు చేసే సంస్థ) లైసెన్సు సంగతి చూసుకోవాలి. డబ్బు తీసుకోకుండా ఔత్సాహిక సంఘం వాయించే కార్యక్రమానికి చట్టంలో మినహాయింపు ఉంది. ఒక మాట గుర్తుంచుకోండి: ముసోర్గ్‌స్కీ వరసకు హక్కు తీరినా ఎమర్సన్ బృందం కట్టిన రూపానికి తీరలేదు. అందుకే కింద ఇచ్చేది వాళ్ల రూపానికి నకలు కాదు, మూల వరస నుంచి కొత్తగా కట్టేది.

మూడోది మనకు బాగా కలిసొచ్చే సంగతి. ప్రొమెనేడ్ మొదటి పల్లవి అయిదు స్వరాల్లోనే నడుస్తుంది. ఆ అయిదూ మోహన స్వరాలే.

వరస, లెక్క

శ్రుతి బి ఫ్లాట్, అంటే మన హార్మోనియం లెక్కలో ఆరున్నర. సా అంటే బి ఫ్లాట్ అనుకుని ఇలా పాడండి:

5 లెక్క: ద – ప – స – రిప – గ
6 లెక్క: రిప – గ – స – రి – ద – ప

మొదట్లో వచ్చే ద, ప, చివర్లో వచ్చే ద, ప కింది స్థాయివి. ‘రిప’ జంటల్లోని ప సా పైన ఉండే పంచమం. గీతల మధ్య ఒక్కో అక్షరానికి ఒక లెక్క, జంటకు కలిపి ఒక లెక్క. నోటు పేర్లలో అయితే: జి, ఎఫ్, బి ఫ్లాట్, సి–ఎఫ్, డి, తర్వాత సి–ఎఫ్, డి, బి ఫ్లాట్, సి, జి, ఎఫ్. స్వరాలు మోహనవే గానీ నడత మోహన రాగానిది కాదు. గమకం వేయకండి. ప్రతి స్వరం నిలువుగా, సూటిగా పడాలి.

మొత్తం 11 లెక్కలు. మన ప్రాంతంలో డ్రమ్స్ వాయించేవాళ్లకు చేయి నాలుగుకు, మూడుకు అలవాటు. అందుకే మొదటి రిహార్సల్‌లోనే ఈ ముక్క కూలిపోతుంది. 5, 6 అని విడివిడిగా లెక్కపెట్టమంటే ఇంకా గజిబిజి అవుతుంది. వరసలోనే దారి ఉంది. మొదటి పంక్తి చివరి రెండు లెక్కలు (రిప – గ), రెండో పంక్తి మొదటి రెండు లెక్కలు అచ్చంగా ఒకటే. కాబట్టి 3+2+2+4గా విడగొట్టి నోటితో చెప్పించండి: తకిట తక తక తకధిమి. వాద్యాలు పక్కన పెట్టి, నలుగురూ కలిసి చేత్తో తాళం వేస్తూ పది నిమిషాలు చెప్పాక గానీ కీబోర్డు ముట్టుకోవద్దు.

డ్రమ్స్‌లో హై హ్యాట్ పదకొండు లెక్కలకూ సమంగా నడవాలి. కిక్ 1, 4, 6, 8 మీద. స్నేర్ 3, 5, 7, 10 మీద. డ్రమ్ కిట్ లేక ఆక్టోప్యాడ్ మాత్రమే ఉంటే ఈ మూడు శబ్దాలే పెట్టుకుని మిగతా ప్యాడ్లు మ్యూట్ చేయండి. లేకపోతే అలవాటుగా పెళ్లి పాటల రోల్స్ దొర్లుతాయి. కీబోర్డులోని ఆటో స్టైల్ ఈ ముక్కలో పనికిరాదు. అది నాలుగు లెక్కలకు తిరుగుతూ ఉంటే మీ వరస దాని మీదుగా జారిపోతుంది.

తీగల జత

ముసోర్గ్‌స్కీ మొదటిసారి వరసను ఒంటరిగా వినిపించి, రెండోసారి అదే వరస కింద కార్డులు (ఒకేసారి కలిపి పలికే స్వరాలు) పేర్చాడు. ఆ పద్ధతిని అలాగే ఉంచుదాం. కార్డులు మాత్రం మన సొంతం: జి మైనర్, ఎఫ్, బి ఫ్లాట్, ఎఫ్ (జంటకు ఒక్కటే), బి ఫ్లాట్, రెండో పంక్తిలో ఎఫ్ (జంటకు), జి మైనర్, ఈ ఫ్లాట్, ఎఫ్, సి మైనర్, ఎఫ్.

కుడిచేతి చిటికెన వేలు వరస వాయిస్తుంటే మిగతా వేళ్లు దాని కింద కార్డును మూసిన స్థితిలో పట్టుకోవాలి. లెక్కకు ఒక కార్డు మారుతుంది కాబట్టి సస్టెయిన్ పెడల్ వేస్తే అన్నీ కలిసి మడ్డిగా వినిపిస్తాయి. ఆర్గన్‌కు పెడల్ అసలే వద్దు. ఒక కార్డు నుంచి మరోదానికి వేళ్లు మార్చడంలోనే కొనసాగింపు రావాలి.

ఆర్గన్ నాదం

ఎమర్సన్ ప్రధానంగా వాడినవి హామండ్ సి3, ఎల్100. మన దగ్గర అవి ఉండవు. యమహా పీఎస్ఆర్ తరహా కీబోర్డులు, రోలాండ్ ఎక్స్‌పీఎస్ 10 లాంటివే ఎక్కువ. వీటితో కూడా నాదం దగ్గరికి తేవచ్చు, కానీ నాలుగు సంగతులు సరిచూసుకోవాలి.

ఒకటి, టచ్ రెస్పాన్స్ ఆపేయండి. హామండ్ మెట్టును గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ఒకటే శబ్దం. టచ్ పని చేస్తుంటే పియానోలాగా కొన్ని స్వరాలు మునిగిపోతాయి. గొంతు పెంచడం, తగ్గించడం ఎక్స్‌ప్రెషన్ పెడల్‌తో చేయాలి. పెడల్ లేకపోతే ఎడమచేత్తో వాల్యూమ్ తిప్పడానికి వీలుగా ఆ భాగాల్లో ఎడమచేయి ఖాళీ పెట్టుకోండి.

రెండు, డ్రాబార్లు, అంటే ఆర్గన్ నాదాన్ని కలిపే లాగుడు మీటలు. ఉన్న కీబోర్డు అయితే 888000000తో మొదలుపెట్టండి. అంటే ఎడమ నుంచి మొదటి మూడు (16, 5⅓, 8 అడుగులు) పూర్తిగా లాగి, మిగతా ఆరు మూసేయడం. పర్కషన్ (స్వరం మొదట్లో వచ్చే టక్కు) ఆన్, థర్డ్ హార్మోనిక్, ఫాస్ట్ డికే. అసలు సి3లో పర్కషన్ వేస్తే తొమ్మిదో డ్రాబార్ మూగబోతుంది. చాలా అనుకరణలు కూడా అదే పాటిస్తాయి, అది పాడైందని కంగారు పడొద్దు. పర్కషన్ టక్కుమనేది అన్ని మెట్లూ వదిలి మళ్లీ నొక్కినప్పుడే. వేళ్లు అతుక్కుని నడిస్తే మొదటి స్వరానికి తప్ప దేనికీ రాదు. ఎమర్సన్ పరుగుల్లో వినిపించే ఆ చురుకుకు ఒక కారణం స్వరాల మధ్య ఆ సన్నని ఎడమే. పెద్ద కార్డుల భాగంలో 888 పక్కన నాలుగో డ్రాబార్‌ను 6 దాకా, తొమ్మిదోదాన్ని 4 దాకా లాగి పర్కషన్ తీసేయండి, నాదం విప్పారుతుంది.

మూడు, లెస్లీ స్పీకర్ తిరుగుడు. రోటరీ ఎఫెక్ట్‌లో నెమ్మది, వేగం రెండే ఉంటాయి. చాలా మోడళ్లలో అవి మాడ్యులేషన్ లివర్‌కు కట్టి ఉంటాయి. వరస వాయించేటప్పుడు నెమ్మది, నిలిపి ఉంచిన చివరి స్వరం మీద వేగం. రెండింటి మధ్య మార్పుకు ఒకటి రెండు సెకన్లు పడుతుంది, కాబట్టి కావలసిన చోటికి రెండు లెక్కల ముందే తిప్పాలి. ముక్కంతా వేగంలోనే ఉంచితే మూడో నిమిషానికి చెవి అలసిపోతుంది.

నాలుగు, రివర్బ్ తగ్గించండి. మన ఫంక్షన్ హాళ్లు టైల్స్, ఉత్త గోడలు. ప్రతిధ్వని అక్కడే కావలసినంత ఉంది.

కీబోర్డులో ఆర్గన్ మరీ పలుచగా ఉంటే లాప్‌టాప్ దారి ఉంది. సెట్‌బీఫ్రీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ హామండ్ చక్రాలను, లెస్లీని బాగానే పలికిస్తుంది. కీబోర్డును యూఎస్‌బీ మిడి తీగతో కలిపి, కీబోర్డు సొంత శబ్దాన్ని లోకల్ ఆఫ్ చేయండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ 128 శాంపిళ్లు పెడితే ఆ బఫర్ వల్ల వచ్చే ఆలస్యం మూడు మిల్లీసెకన్ల లోపు. 512 దాటితే వేలికి శబ్దానికి మధ్య ఖాళీ తెలుస్తుంది. చార్జర్ పెట్టగానే బుయ్‌మని హమ్ వస్తే అది ఎర్త్ తగాదా. డీఐ బాక్సులో (శబ్దాన్ని మిక్సర్‌కు చేర్చే చిన్న పెట్టె) గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి. అంతేగానీ ప్లగ్గులోని ఎర్త్ పిన్ను విరగ్గొట్టే పని ఎప్పుడూ చేయొద్దు, షాక్ కొట్టి ప్రాణం మీదికి వస్తుంది. డీఐ బాక్సు, తీగలు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

11 నుంచి 4/4కు

‘రోండో’లో ఎమర్సన్ చేసిన పనిని మనం ఇక్కడ చేస్తాం. 11 లెక్కల వరసను 16 లెక్కలకు, అంటే నాలుగు బార్లకు సాగదీయాలి. స్వరం ఒక్కటి కూడా కొత్తగా చేర్చొద్దు. రెండు చోట్ల నిలపడమే.

మొదటి బారు: ద, ప, స, రిప. రెండో బారు: గ, నాలుగు లెక్కలూ నిలుపు. మూడో బారు: రిప, గ, స, రి. నాలుగో బారు: ద ఒక లెక్క, ప మూడు లెక్కలు.

గాంధారానికి మూడు, చివరి పంచమానికి రెండు లెక్కలు పెరిగాయి. గాంధారం నిలిచిన బారు బ్యాండుకు దొరికిన ఖాళీ. అక్కడ డ్రమ్స్ ఒక ఫిల్, బాస్ ఒక పరుగు వేయవచ్చు. రెండూ ఒకేసారి వద్దు, వంతులు పెట్టుకోండి.

వేగం 11 భాగంలో నిమిషానికి 100, 4/4 భాగంలో 132. మెల్లగా పెంచుకుంటూ పోవద్దు, ఒకరు ముందు ఒకరు వెనక అవుతారు. 11 చివరి ఎఫ్ కార్డును ఆర్గన్ పట్టుకుని ఉంటే డ్రమ్స్ కర్రలతో కొత్త వేగంలో నాలుగు కొట్టాలి, అయిదో లెక్కకు అందరూ పడాలి.

ఎడమచేతి రిఫ్, సోలో

మోహనంలో ధైవతాన్ని సా చేసుకుంటే గ్రహభేదంతో శుద్ధ ధన్యాసి వస్తుంది. ఇక్కడ ధైవతం జి. అంటే ప్రొమెనేడ్ అయిదు స్వరాలే జి మైనర్ పెంటటానిక్ అవుతాయి, రాక్ సోలోలకు అన్నిటికన్నా వాడుకలో ఉన్న స్కేలు అది. వరసలో ఉన్న స్వరాలతోనే సోలో నడుస్తుంది కాబట్టి తెచ్చి అతికించినట్టు ఉండదు.

జిని సా అనుకుని రిఫ్: సస గస మస గని. ఒక బారులో ఎనిమిది అరలెక్కలు, చివరి ని కింది స్థాయి (ఎఫ్). ఎడమచేయి, బాస్ గిటార్ కలిసి ఇదే తిప్పాలి. ఇలా ఎడమచేయి ఒకే ముక్కను ఆగకుండా తిప్పుతుంటే కుడిచేయి స్వేచ్ఛగా తిరగడం ఎమర్సన్ వాయించే పద్ధతికి గుండెకాయ. దీన్ని సాధించే తీరు: 70 వేగంలో ఎడమచేయి ఒక్కటే, పక్కవాళ్లతో మాట్లాడుతూ కూడా తప్పనంతవరకు. తర్వాత కుడిచేత్తో బారుకు ఒక్క స్వరం, ఆపై రెండు, ఆపై లెక్క తప్పించి పడే స్వరాలు. వేగం ఒక్కోసారి 6 చొప్పున పెంచండి. కుడిచేయి మొదలుకాగానే ఎడమ తడబడితే వేగం ఎక్కువైనట్టే, వెనక్కి రండి. ముంజేతిలో మంట మొదలైతే ఆపాలి. ఎమర్సన్ 1990ల్లో కుడిచేతి నరాల సమస్యతో కొంతకాలం వాయించడం ఆపాల్సి వచ్చింది. ఇరవై అయిదు నిమిషాలకొకసారి అయిదు నిమిషాలు చేతులు వదులు చేసుకోండి.

ఆర్గన్ సోలో 64 బార్లు. మొదటి 16లో వరసలోని ‘రిప గ’ మూడు స్వరాలనే తిప్పి తిప్పి వాడండి. తర్వాతి 16లో పరుగులు. ఆ తర్వాతి 16లో ఒక అతిథి వరస తీసుకురావచ్చు, ‘నైఫ్ ఎడ్జ్’లో బాఖ్‌ను తెచ్చినట్టు. మన వైపు బతుకమ్మ ఉయ్యాల వరస ఒకటి జి మైనర్‌లోకి మార్చి పెడితే విన్నవాళ్లంతా లేచి కూర్చుంటారు. ఎనిమిది బార్లకు మించి ఉంచొద్దు, అది ముక్కను తన వైపు లాగేసుకుంటుంది. చివరి 16 కార్డులతో పైకి పోవడం.

తర్వాత సింథ్ సోలో 32 బార్లు. ఆ కాలపు మూగ్ సింథసైజర్‌లో ఒకసారికి ఒకే స్వరం పలుకుతుంది, అందుకే మీ కీబోర్డులో మోనో మోడ్, పోర్టమెంటో (స్వరం నుంచి స్వరానికి జారడం) రెండూ వేయండి. స్క్వేర్ లేదా సాటూత్ లీడ్ శబ్దం చాలు. ఆర్గన్‌లో పిచ్ వంచలేరు, ఇక్కడ వంచవచ్చు. కుడిచేయి స్వరాలు తగ్గించి ఎడమచేయి పిచ్ బెండ్‌కు ఇవ్వండి, రిఫ్‌ను బాస్ ఒక్కడే మోస్తాడు.

ఎమర్సన్ కత్తులతో మెట్లు నొక్కి ఉంచి శబ్దం ఆగకుండా నిలిపేవాడు. ప్లాస్టిక్ మెట్ల కీబోర్డులో అలా చేస్తే కింది రబ్బరు కాంటాక్టులు చిరుగుతాయి, మెట్టు విరుగుతుంది. కింది స్ప్లిట్‌కు మాత్రమే సస్టెయిన్ పెట్టి జి, డి రెండూ పట్టుకుంటే అదే ఫలితం. ఆర్గన్ మోటార్ ఆపినప్పుడు శ్రుతి కూలిపోయే శబ్దం కావాలంటే పిచ్ బెండ్ హద్దును 12కు పెంచి, రెండు సెకన్ల పాటు మెల్లగా కిందికి లాగండి. హద్దును మళ్లీ 2కు తేవడం మరిచిపోతే తర్వాతి పాట చెడుతుంది.

ముక్క మొత్తం వరుస

ట్రంపెట్ ఒంటరిగా ఒకసారి, ఆర్గన్ కార్డులతో ఒకసారి, అందరూ కలిసి 11లో నాలుగుసార్లు (మొత్తం 40 సెకన్లు). కర్రల లెక్క. 4/4లో వరస రెండుసార్లు, రిఫ్ ఎనిమిది బార్లు, ఆర్గన్ 64, సింథ్ 32, మళ్లీ 4/4 వరస రెండుసార్లు. చివర ఒక్క క్షణం మౌనం, వేగం 88కు దించి 11లో మూడుసార్లు ట్రంపెట్‌తో కలిసి, బి ఫ్లాట్ కార్డు మీద లెస్లీ వేగంలో ముగింపు. చివరిసారి ఎఫ్ దగ్గర ఆగిపోకండి. వరస సగంలో నిలిచినట్టు ఉంటుంది, తప్పకుండా సాకు దిగాలి.

ట్రంపెట్ సంగతి

1922లో రావెల్ ఈ రచనను ఆర్కెస్ట్రాకు మార్చినప్పుడు ప్రొమెనేడ్‌ను ట్రంపెట్‌తోనే మొదలుపెట్టాడు. బ్యాండు మేళాల్లో ఉండేది మామూలుగా బి ఫ్లాట్ ట్రంపెట్. దానికి ఈ శ్రుతి సి మేజర్‌లా పడుతుంది: ఎ, జి, సి, డి–జి, ఇ, డి–జి, ఇ, సి, డి, ఎ, జి. ఎకు 1, 2 వాల్వులు, డికి 1. మిగతావన్నీ వాల్వు నొక్కకుండా పలుకుతాయి. నొటేషన్ చదవనివాళ్లకు స్వరం పాడి వినిపిస్తే చాలు, గంటలో పట్టేస్తారు. గండం ఒక్కటే, జంటలోని పై పంచమం. ఊరేగింపులో మూడు గంటలు ఊది వచ్చిన పెదవికి అది పగులుతుంది. కచేరీ రోజు ఆ మనిషికి వేరే బేరం లేకుండా చూసుకోండి.

ట్రంపెట్ చల్లగా ఉన్నప్పుడు శ్రుతి కింద ఉంటుంది, ఊదేకొద్దీ పైకి పోతుంది. అయిదు నిమిషాలు ఊదించాకే శ్రుతి చూడండి, తేడాను ట్యూనింగ్ స్లైడ్‌తో సరిచేయండి. కీబోర్డు ట్రాన్స్‌పోజ్ సున్నా మీద ఉందా అని వేదిక ఎక్కాక మళ్లీ చూసుకోండి. ట్రూపు పాటల కోసం మార్చి వదిలేసిన ట్రాన్స్‌పోజ్ వల్ల మొదటి కార్డే ట్రంపెట్‌తో గొడవ పడటం చాలా మామూలు.

డప్పు కలపాలనుకుంటే 4/4 భాగంలోనే, రిఫ్ మీద. తోలు డప్పును బయట సెగకు కాచి తెచ్చిన వెంటనే వాయించాలి. ఏసీ హాల్లో పావుగంటలో సడలుతుంది.

తేదీ, హాలు, కరెంటు

ఎమర్సన్ పుట్టింది నవంబర్ 2న, పోయింది మార్చి 11న. నవంబర్‌లో కార్తీక ముహూర్తాలు పడితే ట్రంపెట్, సౌండ్ సెట్ రెండూ దొరకవు, ముందే మాట్లాడుకోవాలి. రిహార్సల్స్‌కు భాద్రపదంలో పితృపక్షం రోజులు అనువు, పెళ్లిళ్లు ఉండవు. మార్చిలో ఇంటర్, పదో తరగతి పరీక్షలు. ఇళ్ల మధ్య ఉన్న హాలైతే ఆ నెల వద్దు. ఏ నెలైనా లౌడ్‌స్పీకర్‌కు పోలీసు అనుమతి తీసుకుని రాత్రి 10 లోపు ముగించాలి.

హాల్లో డ్రమ్స్ వెనక గోడకు షామియానా గుడ్డలు మందంగా కట్టండి, కింద జంపఖానా పరచండి. ఆర్గన్ ఎడమచేయి, బాస్ గిటార్ ఒకే చోట గుద్దుకుంటే హాలంతా బొయ్‌మంటుంది. రిఫ్ భాగంలో ఎడమచేతి శబ్దం నుంచి 16 అడుగుల డ్రాబార్ తీసేసి, మిక్సర్లో ఆర్గన్‌కు 120 హెర్ట్జ్ కింద కోయండి. కరెంటు పోయి జనరేటర్ ఎక్కేలోపు కీబోర్డు ఆగి మొదలైతే మీ సెట్టింగులన్నీ పోతాయి. కీబోర్డుకు 600 వీఏ యూపీఎస్ పెట్టండి, అవసరం కొద్దివాట్లే కాబట్టి చాలాసేపు నిలుస్తుంది. సెట్టింగులను రిజిస్ట్రేషన్ మెమరీలో దాచుకోండి: ఒకటోది ఆర్గన్ కార్డులు, రెండోది ఆర్గన్ సోలో, మూడోది సింథ్.

ఫ్లెక్సీ మీద, యాంకర్ మాటల్లో ముసోర్గ్‌స్కీ పేరు, 1874 అన్న సంవత్సరం తప్పకుండా ఉండాలి. ఎమర్సన్ బృందం మొదటి ఆల్బమ్ తొలి ముద్రణలో బార్టోక్, యానాచెక్ పేర్లు వేయలేదు, తర్వాత చేర్చాల్సి వచ్చింది. హార్ట్‌మన్ గురించి రెండు వాక్యాలు చెప్పి ట్రంపెట్‌కు వదిలేస్తే వినేవాళ్లకు ఆ నడక అర్థమవుతుంది.

రికార్డింగ్‌కు ఫోన్ మైకు మీద ఆధారపడొద్దు, డ్రమ్స్‌కు పగిలిపోతుంది. మిక్సర్ రికార్డు అవుట్ నుంచి లాప్‌టాప్‌లోకి తీసుకుని, పెద్ద శబ్దం మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టండి. హాలు చప్పుడు, చప్పట్లు కోసం ఫోన్‌ను వెనక వరసలో పెట్టి తర్వాత ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో రెండూ కలపండి. కర్రల నాలుగు దెబ్బలను గుర్తుగా పెట్టుకుంటే రెండు ట్రాకులు తేలిగ్గా జతపడతాయి. యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు వివరణలో మూల రచయిత పేరు, ఈ రూపం కట్టినవాళ్ల పేర్లు, వాయించినవాళ్ల పేర్లు రాయండి. వాడిన వరస మీద హక్కు ఉందని ఆటోమేటిక్ క్లెయిమ్ వస్తే మూల రచన 1874 నాటిదని, వాయించింది మీరేనని రాసి డిస్ప్యూట్ వేయవచ్చు.